రెండు సర్వర్లు చాలవు, మూడో ఓటు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఒకే డేటాను కొన్ని సర్వర్లు కలిసి నడిపే డేటాబేస్ క్లస్టర్ల మీద మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం కొత్తవాళ్లకు అర్థమయ్యేలానే ఉంది. అందులో ఒక్క వాక్యంతోనే మాకు పేచీ: ‘రెండు సర్వర్లు తీసుకుని క్లస్టర్ సాఫ్ట్‌వేర్ వేస్తే, ఒకటి పడిపోయినా రెండోది పని నడిపిస్తుంది.’ ఇది నమ్మి రెండే సర్వర్లు పెట్టుకున్నచోట, ఒకదానికి కరెంటు పోగానే రెండోది కూడా జవాబివ్వడం మానేయవచ్చు. డిస్కు బాగానే ఉంటుంది, డేటా ఎక్కడికీ పోదు, సర్వర్ ఆన్‌లోనే ఉంటుంది. డేటాబేస్ మాత్రం ఏ ప్రశ్న అడిగినా ఎర్రర్ చూపిస్తుంది (మేం కింద చెప్పే గలేరాలో దాని నంబరు 1047). అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, కావాలనే అలా తయారు చేశారు. కొనుగోలు పత్రాల్లో ‘రెండు సర్వర్ల క్లస్టర్’ అని రాసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, వ్యాసానికి సవరణ వేసే వీలుంటే ఈ ఒక్క సంగతైనా చేర్చండి.

మిగతా ఉత్తరమంతా మరియాడీబీ డేటాబేస్, దాన్ని క్లస్టర్‌గా కలిపే గలేరా జోడీని ఉదాహరణగా పెట్టుకుని రాస్తున్నాం. ఇది ఉచితంగా దొరుకుతుంది, మూడు మామూలు సర్వర్ల మీద నడుస్తుంది, క్లస్టర్లలో వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇందులో కనిపిస్తాయి. సెట్టింగుల పేర్లలోని అండర్‌స్కోర్లు తీసేసి పలికినట్టు రాశాం. కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు అవి పెట్టుకోవడం మరవకండి.

ముందు ఓట్ల సంగతి. రెండు సర్వర్ల మధ్య నెట్‌వర్క్ తెగిందనుకోండి. రెండూ బతికే ఉన్నాయి, కానీ అవతలిది చచ్చిపోయిందో, మధ్యలో తీగ తెగిందో తెలుసుకునే దారి ఏ ఒక్కదానికీ లేదు. అవతలిది పోయిందనుకుని రెండూ రాతలు, అంటే డేటాలో మార్పులు, తీసుకుంటూ పోతే, అరగంట తర్వాత ఒకే పేరుతో రెండు వేర్వేరు డేటాబేసులు తయారవుతాయి. ఒకే రశీదు నంబరు ఇద్దరికి వెళ్లి ఉంటుంది. ఈ రెంటినీ మళ్లీ ఒకటిగా కలిపే మంత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు, మనుషులు కూర్చుని వరసవరసా సరిచూసుకోవాల్సిందే. స్ప్లిట్ బ్రెయిన్ అని భయపడేది దీనికే. అది రాకూడదనే, మొత్తం ఓట్లలో సగానికి మించి తనవైపు ఉన్న గుంపు మాత్రమే పనిచేయాలన్న నియమం పెట్టారు. ఇద్దరిలో ఒకరంటే సరిగ్గా సగం, సగానికి మించి కాదు. అందుకే మిగిలిన సర్వర్ ఆగిపోతుంది. ముగ్గురిలో ఇద్దరుంటే నడుస్తుంది. నలుగురిలో ముగ్గురు కావాలి, అంటే నాలుగో సర్వర్ కొన్నా తట్టుకునేది ఒక్క నష్టాన్నే. రెండు నష్టాలు తట్టుకోవాలంటే అయిదు కావాలి.

ఇక్కడే చాలామందిని మోసం చేసే విషయం ఒకటుంది. రెండు సర్వర్ల గలేరా పెట్టి, ఒకదాని మీద డేటాబేస్‌ను ఆపే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ కమాండ్ కొట్టి చూస్తారు. రెండోది చక్కగా నడుస్తుంది! పరీక్ష పాసైందని రాసేసుకుంటారు. కానీ పద్ధతిగా ఆపిన సర్వర్, తాను వెళ్లిపోతున్నానని మిగతావాటికి చెప్పి వెళుతుంది. దాని ఓటు లెక్కలోంచి తీసేస్తారు, మిగిలిన ఒక్కటీ ఒకటికి ఒకటిగా పూర్తి మెజారిటీ అవుతుంది. కరెంటు పోయినప్పుడు, తీగ ఊడినప్పుడు, కెర్నల్ కుప్పకూలినప్పుడు ఎవరూ చెప్పి వెళ్లరు. అప్పుడు పాత లెక్కే, రెండింట్లో ఒకటి. స్టాప్ కమాండ్‌తో చేసిన పరీక్షను పరీక్ష కింద జమకట్టవద్దు.

మూడో సర్వర్‌కు డబ్బు లేకపోతే గార్బ్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. అది డేటా దాచుకోదు, ఓటు మాత్రం వేస్తుంది. చిన్న మెషీన్ సరిపోతుంది. అయితే రాతల ట్రాఫిక్ అంతా దానికీ వెళుతుంది కాబట్టి నెట్‌వర్క్ నాసిరకంగా ఉండకూడదు. ఆ మూడో ఓటును మిగతా రెండు సర్వర్లలో ఒకదాని మీదే వేసేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే ఆ మెషీన్‌తోపాటు రెండు ఓట్లు పోతాయి. ఇక ఇంటర్‌నెట్‌లో దొరికే సలహా మరొకటి, ఓట్ల లెక్కనే పట్టించుకోవద్దని గలేరాకు చెప్పే పీసీ డాట్ ఇగ్నోర్ కోరమ్ సెట్టింగు. దాని జోలికి పోవద్దు. ఏ ప్రమాదం తప్పించడానికి క్లస్టర్ ఆగుతోందో ఆ ప్రమాదాన్ని అది పిలిచి తెచ్చుకుంటుంది.

ఒరాకిల్ వారి క్లస్టర్ డేటాబేస్ రాక్ రెండు సర్వర్లతో నడుస్తోంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నడుస్తుంది, ఎందుకంటే అక్కడ రెండు సర్వర్లూ ఒకే షేర్డ్ స్టోరేజీని చూస్తాయి, తీర్పు చెప్పే ఓటింగ్ డిస్కులు ఆ స్టోరేజీ మీద ఉంటాయి. ఆ డిస్కుల సంఖ్య మళ్లీ బేసే, ప్రతులు తక్కువుంచే నార్మల్ రిడండెన్సీలో 3, ఎక్కువుంచే హై రిడండెన్సీలో 5. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు పాట్రోని అనే క్లస్టర్ ప్రోగ్రామ్ వాడితే ఓట్ల పని సాధారణంగా ఎట్‌సీడీ అనే ఇంకో ప్రోగ్రామ్ చూసుకుంటుంది, దానికీ కనీసం మూడు మెంబర్లు కావాలి. సాఫ్ట్‌వేర్ మారినా లెక్క మారదు.

మూడు సర్వర్లనగానే మూడు వర్చువల్ మెషీన్లు తీసుకుని, ఆ మూడూ ఒకే ఫిజికల్ హోస్టు (అసలు యంత్రం) మీద నడుస్తున్నాయని గమనించకపోవడం ఇంకో పొరపాటు. వర్చువలైజేషన్ మేనేజర్‌లో ఇవి వేర్వేరు హోస్టుల మీదే ఉండాలన్న నియమం పెట్టాలి, లేకపోతే ఈ రోజు వేర్వేరుగా ఉన్నవి లోడ్ సర్దుబాటులో రేపు ఒకచోట చేరతాయి. మూడింటికీ ఒకే స్విచ్, ఒకే యూపీఎస్ ఉన్నా అంతే సంగతులు. రెండు డేటా సెంటర్ల మధ్య పంచాలనుకుంటే, రెండు సర్వర్లున్న చోటు పోయినప్పుడు ఒక్కటున్న చోటు ఆగిపోతుంది. అందుకని మూడో ఓటు ఈ రెండూ కాని మూడో చోట ఉండాలి. దూరం పెరిగేకొద్దీ ఇంకో మూల్యం ఉంది. ప్రతి కమిట్ (రాతను ఖాయం చేయడం) అన్ని సర్వర్లకూ చేరాకే పూర్తవుతుంది. సర్వర్ల మధ్య పోయివచ్చే సమయం 10 మిల్లీసెకన్లయితే, ఒక్కో కనెక్షన్ సెకనుకు 100 కమిట్లకు మించి చేయలేదు. ఒక్కో వరసకు ఒక కమిట్ చొప్పున లక్ష వరసలు ఎక్కించే రాత్రిపూట ప్రోగ్రామ్ ఉంటే, ఒక సర్వర్ మీద నిమిషాల్లో అయిపోయే పని క్లస్టర్ మీద పదహారున్నర నిమిషాలకు తగ్గదు. లెక్క ముందే వేసుకోండి.

ఇక సర్వర్లు. మూడూ ఒకే రకంగా ఉండాలి. వెనకబడిన సర్వర్ ఒకటుంటే, ఫ్లో కంట్రోల్ పేరుతో అది మిగతావాటిని ఆపి నిలబెడుతుంది. మొత్తం క్లస్టర్ వేగం నెమ్మదైన డిస్కు వేగమే. పాత హార్డ్‌డిస్కు ఉన్న మెషీన్‌ను మూడోదిగా వాడదామన్న పొదుపు అందుకే పనికిరాదు. డేటాను మెమరీలో ఉంచుకునే ఇన్నోడీబీ బఫర్ పూల్ డిఫాల్టుగా 128 ఎంబీ మాత్రమే ఉంటుంది. 64 జీబీ ర్యామ్ ఉన్న, డేటాబేస్‌కు తప్ప వేరే పనికి వాడని సర్వర్‌లో దాన్ని 44 జీబీ దాకా పెంచవచ్చు. మెమరీలోని సరుకును డిస్కు మీది స్వాప్‌లోకి ఎంత త్వరగా నెట్టాలో చెప్పే స్వాపినెస్ విలువ 1కి తగ్గించండి. డేటాబేస్ మెమరీ స్వాప్‌లోకి పోతే ఆ సర్వర్ బతికుండగానే మూగబోతుంది, మిగతావి దాన్ని చచ్చినట్టు లెక్కేస్తాయి. ఐపీలు స్థిరంగా ఉండాలి. మూడు గడియారాలూ క్రోనీ అనే ప్రోగ్రామ్‌తో కలిపి ఉంచాలి. గలేరా ఓట్లకు సమయంతో పని లేదు గానీ, గొడవ జరిగిన రోజున మూడు సర్వర్ల లాగులు (జరిగినవి నమోదయ్యే ఫైళ్లు) పక్కపక్కన పెట్టి చదవాలంటే గంటలు కలవాలి.

ఫైర్‌వాల్‌లో నాలుగు పోర్టులు తెరవాలి. 3306 అప్లికేషన్ల కోసం, 4567 సర్వర్ల మధ్య నిత్యం జరిగే సంభాషణ కోసం, 4568 కొద్దిగా వెనకబడిన సర్వర్‌కు తేడా పంపడానికి, 4444 కొత్త సర్వర్‌కు డేటా మొత్తం పంపడానికి. 3306, 4567 తెరిచి మిగతా రెండూ మరిచిపోవడం తరచూ జరిగేదే. అప్పుడు రెండో సర్వర్ క్లస్టర్‌ను చూస్తుంది, చేరబోతుంది, కాసేపు ఆగి పడిపోతుంది. 4567, 4568, 4444 పోర్టుల్లో వెళ్లేది డిఫాల్టుగా ఎన్‌క్రిప్ట్ కాదు కాబట్టి ఈ మూడింటినీ వేరే వీలాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్‌లో), మూడు ఐపీలకు మాత్రమే తెరవాలి. లినక్స్ భద్రతా వ్యవస్థ ఎస్ఈలినక్స్ అడ్డుపడితే దాన్ని శాశ్వతంగా ఆపేయమని చెప్పే సలహాలు వినకండి. మొదటిసారి చేరేదాకా పర్మిసివ్‌లో (ఆపకుండా నమోదు మాత్రమే చేసే స్థితిలో) ఉంచి, ఆడిట్ లాగులో వేటికి అనుమతి లేదని నమోదైందో చూసి పాలసీ రాసి, మళ్లీ ఎన్‌ఫోర్సింగ్‌కు మార్చాలి.

ప్యాకేజీలు నాలుగే: మరియాడీబీ సర్వర్, గలేరా 4, డేటా ప్రతి తీసే మరియాబ్యాకప్, దాన్ని నెట్‌వర్క్ మీద పంపే సోక్యాట్. వెర్షన్ మూడింట్లోనూ ఒకటే ఉండాలి. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ వేయగానే డేటాబేస్ తనంతట తాను లేచి కూర్చుంటుంది, ముందు దాన్ని ఆపాలి. ఆ సిస్టమ్‌లలోనే బైండ్ అడ్రస్ 127.0.0.1గా ఉంటుంది. మార్చకపోతే డేటాబేస్ తన మెషీన్‌లోంచి తప్ప ఎవరినీ రానివ్వదు.

సెట్టింగుల ఫైలులో రాయాల్సినవి ఎక్కువ లేవు. బిన్‌లాగ్ ఫార్మాట్ రో, డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజన్ ఇన్నోడీబీ, ఇన్నోడీబీ ఆటోఇంక్ లాక్ మోడ్ 2. ఈ మూడూ తప్పనిసరి. గలేరాతో కలిపే డబ్ల్యూఎస్‌రెప్ ఆన్, డబ్ల్యూఎస్‌రెప్ ప్రొవైడర్ దగ్గర గలేరా లైబ్రరీ ఉన్న దారి. ఈ దారి డెబియన్‌లో ఒకచోట, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇంకోచోట ఉంటుంది కాబట్టి ఒకదాని ఫైలు రెండోదానికి కాపీ కొడితే సర్వర్ లేవదు. క్లస్టర్ పేరు మూడింట్లో అక్షరం తేడా లేకుండా ఒకటే. క్లస్టర్ అడ్రస్ దగ్గర జీకామ్ అన్న మాట, దాని వెనక మూడు ఐపీలూ కామాలతో. నోడ్ పేరు, నోడ్ అడ్రస్ మాత్రం ఏ సర్వర్‌కు ఆ సర్వర్‌వి. డేటా బదిలీ పద్ధతి దగ్గర మరియాబ్యాకప్ అని రాసి, దానికొక డేటాబేస్ యూజర్‌ను పెట్టాలి. ఆ యూజర్‌కు రీలోడ్, ప్రాసెస్, లాక్ టేబుల్స్, బిన్‌లాగ్ మానిటర్ హక్కులు ఇవ్వాలి. 10.5కు ముందు వెర్షన్లలో చివరిదాని స్థానంలో రెప్లికేషన్ క్లయింట్ ఇవ్వాలి. ఫైళ్లను నేరుగా కాపీ చేసే ఆర్‌సింక్ పద్ధతి సులువే గానీ, బదిలీ జరిగినంతసేపూ డేటా ఇచ్చే సర్వర్ రాతలు తీసుకోదు. పరీక్షలకు సరే, అసలు పనికి వద్దు.

తర్వాత మొదలుపెట్టడం. ఒకే ఒక్క సర్వర్ మీద గలేరా న్యూ క్లస్టర్ అన్న కమాండ్ ఇవ్వాలి. మిగతా రెండింటి మీద మామూలు స్టార్ట్, అదీ ఒకదాని తర్వాత ఒకటి, మొదటిది పూర్తిగా కలిశాకే రెండోది. మూడింటి మీదా న్యూ క్లస్టర్ కమాండ్ ఇచ్చేస్తే మూడూ హాయిగా లేస్తాయి, ఎర్రర్ ఒక్కటీ రాదు, కానీ అవి ఒకదాంతో ఒకటి సంబంధం లేని మూడు క్లస్టర్లు. అందుకే లేవగానే షో స్టేటస్‌లో డబ్ల్యూఎస్‌రెప్ క్లస్టర్ సైజ్ చూడాలి. అది 3 ఉండాలి. క్లస్టర్ స్టేటస్ ప్రైమరీ అనీ, లోకల్ స్టేట్ కామెంట్ సింక్‌డ్ అనీ ఉండాలి. ఈ మూడు విలువలూ ప్రతి సర్వర్ మీదా విడివిడిగా చూడాలి. ఇంకో పాత అలవాటు ప్రమాదకరం: మొదటి సర్వర్ ఫైలులో జీకామ్ తర్వాత ఐపీలు ఖాళీగా వదిలేసి మొదలుపెట్టడం. మొదటి రోజు ఏమీ కాదు. నెల తర్వాత ఆ సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు పాత క్లస్టర్‌లో చేరకుండా సొంత కుంపటి పెట్టుకుంటుంది.

రెండో సర్వర్ చేరలేదంటే ముందు దాని లాగే చూస్తారు. అక్కడ ‘బదిలీ విఫలమైంది’ తప్ప ఇంకేం ఉండకపోవచ్చు. అసలు కారణం డేటా ఇచ్చిన సర్వర్‌లో, డేటా డైరెక్టరీలోని మరియాబ్యాకప్ లాగులో ఉంటుంది: పాస్‌వర్డు కలవలేదనో, హక్కు చాలలేదనో. సోక్యాట్ లేకపోవడం, 4444 మూసి ఉండడం, డేటా డైరెక్టరీ ఓనరు మైఎస్‌క్యూఎల్ (మరియాడీబీ నడిచే సిస్టమ్ యూజర్) కాకుండా రూట్ కావడం ఆ తర్వాత చూడాల్సినవి. డేటా పెద్దదైతే సమయం కూడా శత్రువే. 500 జీబీ డేటాను 1 గిగాబిట్ లైను మీద సెకనుకు 110 ఎంబీ చొప్పున పంపినా గంటంపావు పడుతుంది. లినక్స్‌లో సర్వీసులను లేపే సిస్టమ్‌డీ ఇచ్చే స్టార్ట్ గడువు అంతకన్నా తక్కువుంటే, బదిలీ నడుస్తుండగానే ప్రాసెస్‌ను చంపేసి మళ్లీ మొదటికి తెచ్చే ప్రమాదం ఉంది. గడువు ముందే పెంచుకోండి.

ఆ పూర్తి బదిలీ మాటిమాటికీ రాకుండా ఉండాలంటే జీక్యాష్ సైజు పెంచాలి. ప్రతి సర్వర్ ఈమధ్య జరిగిన రాతలను ఒక ఫైలులో గుండ్రంగా తిప్పుతూ దాచుకుంటుంది. కాసేపు బయటికి వెళ్లొచ్చిన సర్వర్‌కు కావలసిన తేడా అందులో ఉంటే అదొక్కటే పంపుతారు, నిమిషాల్లో అయిపోతుంది. లేకపోతే డేటా అంతా మళ్లీ మొదటినుంచి. డిఫాల్టు 128 ఎంబీ. సెకనుకు 1 ఎంబీ రాతలున్న క్లస్టర్‌కు అది రెండు నిమిషాల సరుకు, ఒక కెర్నల్ అప్‌డేట్ రీబూట్‌కే చాలదు. లెక్క సులువు. రద్దీ వేళలో రెప్లికేటెడ్ బైట్స్, రిసీవ్డ్ బైట్స్ రెండూ కూడి, పది నిమిషాల తేడా తీసుకుంటే సెకనుకెంతో తెలుస్తుంది. దాన్ని మీరు తట్టుకోవాలనుకున్న సమయంతో గుణించండి. సెకనుకు 1 ఎంబీ, మూడు గంటల మరమ్మతు అంటే 10,800 ఎంబీ, 12 జీబీ పెట్టుకుంటే సరి. ఆ ఫైలుకు డిస్కులో అంత చోటూ ఉండాలి.

మూడింటికీ ఒకేసారి కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలో కాగితం మీద రాసి పెట్టుకోని క్లస్టర్‌ను అసలు పనిలోకి దించకూడదని మా అభిప్రాయం. చాలాసార్లు గలేరా తానే కోలుకుంటుంది, పాత సభ్యుల పట్టిక ఒక ఫైలులో రాసుకుని ఉంటుంది, అందరూ తిరిగి రాగానే క్లస్టర్ లేస్తుంది. ఏదో ఒకటి రాకపోతే ఆ మూడో సర్వర్ కోసం మిగతా రెండూ ఎదురుచూస్తూ ఉండిపోతాయి. అప్పుడు గ్రాస్టేట్ అనే ఫైలు తెరవాలి. పద్ధతిగా ఆగిన క్లస్టర్‌లో, చివర ఆగిన సర్వర్ ఫైలులో సేఫ్ టు బూట్‌స్ట్రాప్ విలువ 1 ఉంటుంది, దాంతోనే మొదలుపెట్టాలి. హఠాత్తుగా పడిపోతే అన్నింట్లోనూ 0, రాతల క్రమసంఖ్య దగ్గర మైనస్ 1 కనిపిస్తాయి. మైనస్ 1 అంటే డేటా పోయిందని కాదు, రాసుకునే తీరిక దొరకలేదని. ప్రతి సర్వర్ మీదా మరియాడీబీని డబ్ల్యూఎస్‌రెప్ రికవర్ ఆప్షన్‌తో, మైఎస్‌క్యూఎల్ యూజర్‌గా నడిపితే అసలు సంఖ్య లాగులో రికవర్డ్ పొజిషన్ దగ్గర వస్తుంది. మూడు సంఖ్యలూ పక్కపక్కన రాసుకుని, అన్నింటికన్నా పెద్దది ఉన్న సర్వర్ ఫైలులో 0ను 1 చేసి అక్కడ మాత్రమే న్యూ క్లస్టర్ ఇవ్వాలి. కంగారులో చిన్న సంఖ్య ఉన్న సర్వర్‌తో మొదలుపెడితే, ముందున్న సర్వర్లు దాన్ని చూసి తమ డేటాను తుడిచేసుకుంటాయి. ఆఖరి నిమిషపు రాతలు అక్కడితో సరి.

ఇదే సందర్భంలో కమిట్ సమయంలో లాగును డిస్కుకు నెట్టే సెట్టింగును 1 నుంచి 2కు మార్చమని చాలా గైడ్లలో రాస్తారు. వేగం నిజమే. మిగతా సర్వర్లలో కాపీ ఉంటుంది కదా అన్నది వాదన. మూడూ ఒకే భవనంలో, ఒకే కరెంటు మీద ఉంటే ఆ వాదన నిలవదు, చివరి సెకను రాతలు మూడింట్లోనూ ఒకేసారి పోవచ్చు. డబ్బు లావాదేవీలుంటే 1 దగ్గరే ఉంచండి.

అప్లికేషన్ ఏ సర్వర్‌తో మాట్లాడాలన్నది ఇంకో పెద్ద చిక్కు. సాధారణంగా ముందు హెచ్ఏప్రాక్సీ (కనెక్షన్లను తగిన సర్వర్‌కు మళ్లించే ప్రోగ్రామ్) పెడతారు, అది ఒక్కటే పెడితే అదే పడిపోతుంది కాబట్టి రెండు పెట్టి కీప్‌అలైవ్‌డీ అనే ప్రోగ్రామ్‌తో ఒక వర్చువల్ ఐపీ పంచుతారు. ఇంతవరకూ అందరూ చేస్తారు. కానీ ప్రాక్సీ 3306 పోర్టు తెరిచి ఉందా లేదా అని మాత్రమే చూస్తుంటే ప్రయోజనం లేదు. మెజారిటీ పోగొట్టుకుని మొండికేసిన సర్వర్ కూడా 3306ను తెరిచే ఉంచుతుంది, లాగిన్ కూడా ఇస్తుంది, ప్రశ్న అడిగితేనే 1047 అంటుంది. ప్రాక్సీ దృష్టిలో అది ఆరోగ్యంగానే ఉంటుంది, అప్లికేషన్ దృష్టిలో చచ్చిపోయి ఉంటుంది. కాబట్టి సర్వర్ సింక్‌డ్ స్థితిలో ఉందో లేదో చూసి, 9200 పోర్టు మీద ఉంటే 200, లేకపోతే 503 అని జవాబిచ్చే చిన్న స్క్రిప్టు పెట్టి, ప్రాక్సీ దాన్ని అడిగేలా చేయాలి. సర్వర్ పడిపోయిందని తేలగానే దాని పాత కనెక్షన్లను తెంచే ఆప్షన్ కూడా పెట్టాలి, లేకపోతే పాత కనెక్షన్లు పట్టుకుని అప్లికేషన్ నిమిషాల తరబడి వేలాడుతుంది.

మూడు సర్వర్లూ రాతలు తీసుకోగలవు గదా, మూడింటికీ పంచేద్దామన్న ఉత్సాహం వస్తుంది. మేమైతే రాతలన్నీ ఒకదానికే పంపి, మిగతా రెంటినీ తయారుగా ఉంచమంటాం. గలేరా సర్వర్ల మధ్య ముందుగా తాళాలు వేయదు. ఒకే వరసను ఇద్దరు రెండు సర్వర్ల మీద ఒకేసారి మారిస్తే, వెనక వచ్చినవాడికి కమిట్ దగ్గర 1213 డెడ్‌లాక్ ఎర్రర్ వస్తుంది. కమిట్ ఎప్పటికీ విఫలం కాదన్న నమ్మకంతో రాసిన ప్రోగ్రాములు అక్కడ తెల్లమొహం వేస్తాయి. పైగా ఎన్ని సర్వర్ల మీద రాసినా ప్రతి రాతా అన్ని సర్వర్లూ చేయాల్సిందే కాబట్టి రాతల సామర్థ్యం పెరిగేది కూడా ఏమంత ఉండదు. పెరిగేది చదవడం ఒక్కటే.

పాత డేటాబేస్‌ను క్లస్టర్‌లోకి తెచ్చేముందు ప్రతి టేబుల్‌కూ ప్రైమరీ కీ (ప్రతి వరసను విడిగా గుర్తుపట్టే కాలమ్) ఉందా, మైఐశామ్ అనే పాత స్టోరేజ్ ఇంజన్ టేబుళ్లు మిగిలాయా చూడాలి. మైఐశామ్ రాతలు మామూలుగా అవతలి సర్వర్లకు వెళ్లవు, ఎర్రరూ రాదు, తేడా నెలల తర్వాత బయటపడుతుంది. తమంతట తాము పెరిగే ఆటో ఇంక్రిమెంట్ సంఖ్యలు 1, 4, 7 అంటూ దూకుతాయి. రశీదు నంబర్లు వరసగా రావాలన్న నియమం ఉంటే ఆ కాలమ్ మీద ఆధారపడవద్దు. కోటి వరసల పాత డేటాను ఒక్క డిలీట్‌తో తీసేస్తే క్లస్టర్ మొత్తం మూలుగుతుంది, కొన్ని వేల వరసల చొప్పున ముక్కలు చేయాలి. పెద్ద టేబుల్ మీద దాని నిర్మాణం మార్చే ఆల్టర్ నడిస్తే అది అయ్యేదాకా అన్ని సర్వర్ల రాతలూ ఆగుతాయి, దానికి రాత్రి వేళ చూసుకోవాలి.

ఇన్ని చేశాక అసలు పరీక్ష. రాతలు నడుస్తుండగా ఒక సర్వర్ తీగ పీకండి. మెజారిటీ వైపు రాతలు అయిదు సెకన్ల పాటు బిగుసుకుని, ఆ సర్వర్‌ను వెలివేశాక మళ్లీ నడవాలి. ఆ అయిదు సెకన్లూ డిఫాల్ట్ అనుమానపు గడువు. తర్వాత ప్రాసెస్‌ను హఠాత్తుగా చంపే కిల్ మైనస్ 9, తర్వాత ప్లగ్ పీకడం, తర్వాత డిస్కు నింపేయడం. చివర మూడింటికీ కరెంటు తీసి, పైన చెప్పిన కాగితం చూసుకుంటూ, ఆ కాగితం రాయని మనిషి చేత లేపించండి.

క్లస్టర్ ఉంది కాబట్టి బ్యాకప్ ఎందుకన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పొరపాటున కొట్టిన, టేబుల్‌ను చెరిపేసే డ్రాప్ టేబుల్ మూడు సర్వర్లకూ క్షణంలో చేరుతుంది, క్లస్టర్ ఆ పనిని చాలా నమ్మకంగా చేస్తుంది. 2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్ దాచే సైటు గిట్‌ల్యాబ్‌లో రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌కు కాపీ పంపే) చిక్కు సరిచేస్తూ ప్రధాన సర్వర్ డేటా డైరెక్టరీనే తుడిచేశారు. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల అసలు జరగడమే లేదు. ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి, మిగిలింది పోయినా అదైనా దక్కింది. అలాంటి సైటే అయిన గిట్‌హబ్‌ది ఇంకో రకం: 2018 అక్టోబరు 21న నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. అంతలో సాఫ్ట్‌వేర్ ప్రధాన డేటాబేస్‌ను అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి మార్చేసింది, రెండు వైపులా కలవని రాతలు మిగిలాయి, సరిచేసేసరికి 24 గంటలు దాటింది. ఇవి పెద్ద జట్లున్న సంస్థలు. కాబట్టి రోజూ ఒక సర్వర్ నుంచి మరియాబ్యాకప్ తీయండి, ఆ కాసేపు ఆ సర్వర్‌కు డబ్ల్యూఎస్‌రెప్ డీసింక్ ఆన్ చేస్తే అది వెనకబడినా మిగతావాటిని ఆపదు. తీసిన బ్యాకప్‌ను నెలకొకసారైనా వేరే మెషీన్ మీద ఎక్కించి చూడండి. రోజుకు పావుగంట ఆగినా ఫరవాలేని పనులకు క్లస్టరే అక్కర్లేదు. ఒక మంచి సర్వర్, దానికొక రెప్లికా (వెంటవచ్చే కాపీ సర్వర్), ఎక్కించి చూసిన బ్యాకప్ ఉంటే చాలు, నిర్వహణ భారం సగం తగ్గుతుంది.

చివరగా అప్‌డేట్లు. ఒక సర్వర్ ఆపి, ప్యాకేజీ మార్చి, లేపి, సింక్‌డ్ అని చూపించాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. మధ్యలో రెండు వెర్షన్లు కలిసి ఉన్నప్పుడు పాత వెర్షన్ సర్వర్‌కు కొత్త వెర్షన్ సర్వర్ నుంచి పూర్తి బదిలీ జరగకుండా చూసుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లో ఉంటే, మూడు సర్వర్లూ ఒకే రాత్రి దాదాపు ఒకే సమయానికి మరియాడీబీని రీస్టార్ట్ చేసుకోవచ్చు. డేటాబేస్, గలేరా ప్యాకేజీలను మూడింట్లోనూ హోల్డ్‌లో (వాటంతటవి మారకుండా) పెట్టి, వాటి అప్‌డేట్ చేత్తోనే చేయండి.

ఇట్లు,
డేటాబేస్ నిర్వహణ పనిలో ఉన్న కొందరు పాఠకులు